థావోన్ ఇంటి కింది సీసా

తాలూకా ఆసుపత్రి, మగవాళ్ల వార్డు
వర్షావాసం మొదలైన ఏడో రోజు

నోంగ్‌పాలై విహారం పెద్ద భంతే గారికి, నా తోడబుట్టిన తమ్ముడికి, అన్న ఖంఫాయ్ రాసేది.

‘భంతే గారికి’ అని మొదలుపెట్టాలని ఇక్కడి నర్సు అరునీ చెప్పింది, పెట్టాను. మిగతాది నాకు వచ్చినట్టు రాస్తాను. నేను చదివింది నాలుగో క్లాసు. ఇప్పుడు చెయ్యి కూడా నా మాట వినడం లేదు కాబట్టి అక్షరాలు ఎండ్రకాయల్లా పక్కకి నడుస్తాయి. నీకు పాళీ భాష వచ్చు కదా, ఇదీ వస్తుంది.

వానల మూడు నెలలూ మీరు పాటించే వర్షావాసం మొదటి రోజు నీ ముందు పూలూ రెండు మైనపువత్తులూ పెట్టి, మూడు నెలలు సారా ముట్టనని మాట ఇచ్చాను. ముట్టలేదు. ముందు ఆ సంగతి తెలుసుకో. పొద్దున లేవగానే ఒక కప్పు పడితే గాని మనం ఊదే వెదురు వాద్యం ఖేన్‌కి రాగి నాలుక అరగదీయలేని చెయ్యి ఇది. నలభై ఏళ్ల అలవాటు. అయినా ముట్టలేదు. రెండో రోజు పొద్దున వెదురు గొట్టాలు ముందేసుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పడి కొట్టుకున్నానట. నాలుక కొరుక్కున్నాను. మన ఊరి బండి డ్రైవరు నన్ను బస్తాలా ఎత్తి తెచ్చి ఇక్కడ పడేశాడు.

తర్వాత మూడు రోజులు నాకు సరిగ్గా తెలియదు. గోడంతా ఎర్రచీమలు పాకుతున్నాయని, కూరకి వాటి గుడ్లు ఏరుకురమ్మని కూతుర్ని బతిమాలానట. చేతులు మంచానికి గుడ్డపీలికలతో కట్టారు. ప్రాణం నిలవాలని పెద్దవాళ్లు మణికట్టుకి తెల్లదారం కట్టడం ఎరుగుదును గాని, మంచానికి కట్టించుకోవడం ఈ వయసులో ఇదే మొదలు. గోళ్లలో నల్లమైనం ఉందని ఆ నర్సు బ్రష్షు పెట్టి రుద్దింది. "ఇది మురికి కాదమ్మా, ఖేన్ గొట్టాలు అతికించే మైనం, నాతోనే కాలుద్ది" అన్నాను. వింటేనా.

ఇప్పుడు అసలు సంగతి. నాకు రోజుకి నాలుగుసార్లు ఒక మాత్ర ఇస్తున్నారు. ఇదేం చేస్తుందని అడిగితే అరునీ ఇలా అంది: "తాతా, సారా మీ తలలో చేసే పనే ఇది చేస్తుంది. రోజూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతాం." అంటే ఇది సారాకి చెల్లెలు అన్నమాట. నిన్నటి నుంచి నాలుక కింద దాచి కిటికీలోంచి ఉమ్మేస్తున్నాను. ఇవాళ పట్టుకుంది. డాక్టరు వచ్చి, "తాతా, ఇంకోసారి పడితే లేవరు" అన్నాడు. "లేవకపోతే లేవను, మాట తప్పను" అన్నాను. ఆ పిల్లాడు తల పట్టుకున్నాడు. పట్టుకోనీ.

నిరుడు నా స్నేహితుడు థావోన్ కూడా ఇలాగే నీ ముందు మాట ఇచ్చాడు. మూడో రోజు వణికి వణికి పోయాడు. కర్రల మీద లేపిన ఇంటి కింద, గేదెను కట్టే గుంజ దగ్గర ఖాళీ సీసా దొరికింది. మాట తప్పి చాటుగా తాగాడు, అందుకే ఊరి దైవం మెడ విరిచింది అన్నారు. దహనం రోజు నువ్వు కూడా ప్రసంగం చేసే ధర్మాసనం ఎక్కి మాట తప్పినవాడి గతి గురించి చెప్పావు. వాడి ఎముకల కుండ విహారం గోడలో పెట్టనివ్వలేదు. వాడి పెళ్లాం బువాఫన్ దాన్ని ఇప్పటికీ ఇంట్లో బియ్యం గంప పక్కన పెట్టుకుంది. నా కుండ నా కూతురి బియ్యం గంప పక్కకి చేరడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి చెప్పు. మాత్ర మింగితే మాట పోతుందా, పోదా? పాళీ వద్దు. ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతికే జవాబు ఇవ్వు.

ఖంఫాయ్


నోంగ్‌పాలై విహారం
ఏడో రోజు, సాయంత్రం

అన్నయ్యకు,

పోదు. మింగు.

పాళీ వద్దన్నావు గాని, రేపు పొద్దున నువ్వే "వాడు ఊరికే అన్నాడు" అంటావు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. పంచశీలం చెప్పేది మత్తు కోసం తాగడం గురించి. మందు గురించి కాదు. జబ్బుపడ్డ భిక్షువు కోసం కాచే నూనెలో, రంగూ వాసనా రుచీ తెలియనంత మద్యం కలపడానికి బుద్ధుడే ఒప్పుకున్నాడు. భిక్షువుకే లేని తప్పు నీకు ఎలా అంటుకుంటుంది? ఆ నర్సమ్మ ఇచ్చింది ఇచ్చినట్టు, ఆమె చూస్తుండగా మింగు. నాలుక కింద దాచడం నువ్వు అమ్మ పోసే వేపకషాయంతో చేసేవాడివి. అరవై ఏడేళ్లు వచ్చాయి, చాలించు.

నేను రావాలని ఉంది. వర్షావాసంలో విహారం దాటి పడుకోకూడదు కదా. నీకు తెలియనిది కాదు.

నీ అక్షరాలు చదవడానికి ఒక పూట పట్టింది. ముగ్గురు భిక్షువులం కూర్చున్నాం.

తమ్ముడు


తాలూకా ఆసుపత్రి
పదిహేనో రోజు

భంతే గారికి,

మింగుతున్నాను. ఇవాళ్టికి రోజుకి ఒక్కటే అయింది, ఎల్లుండి అదీ ఆపుతారట. తుంటి మీద సూదులు వేరే. తాగేవాడి ఒంట్లో ఉండాల్సిన సత్తువ ఏదో ఉండదట, అది నింపుతారట. పూటకోసారి అరునీ వచ్చి "తాతా, చేతులు చాపండి" అంటుంది. చాపితే వేళ్ల వైపు చూసి కాగితం మీద అంకె వేస్తుంది. మొదట్లో నా వేళ్లు గాలికి వెదురాకుల్లా కొట్టుకున్నాయి. ఇప్పుడు చిన్నగా అదురుతున్నాయి, అంతే. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు అని కూడా అడుగుతుంది. "నీ పెళ్లెప్పుడు" అని నేను అడుగుతాను. ఆ పిల్ల అదీ రాసుకుంటుంది.

నిన్న డాక్టరు తీరిగ్గా నా మంచం మీద కూర్చున్నాడు. "తాతా, ఒకేసారి ఎందుకు మానేశారు" అన్నాడు. "మానడం అంటే ఒకేసారే కదా, సగం మాట ఇచ్చేవాడు ఎవడైనా ఉంటాడా" అన్నాను. అప్పుడు చెప్పాడు. ఏళ్ల తరబడి రోజంతా తాగినవాడి ఒళ్లు సారాని కొట్టంలో గుంజలా పెట్టుకుని దాని మీద కప్పు నిలబెడుతుందట. ఎవరికీ చెప్పకుండా గుంజ లాగేస్తే కప్పు కూలుతుందట. రెండో రోజో మూడో రోజో. వర్షావాసం మొదలైన వారంలో ఈ వార్డుకి నాలాంటివాళ్లు ఏటా వస్తారట. ఈ ఏడు ఆరుగురం. ఒకడు మొన్న పోయాడు. వాడి పెళ్లాం కూడా "సారా ముట్టలేదు డాక్టరుగారూ, దేవుడి మీద ఒట్టు" అని ఏడుస్తూనే ఉంది.

నేను రాత్రికి గంజి తాగలేకపోయాను తమ్ముడూ.

థావోన్ మూడో రోజు పోయాడు. వణికాడు, చెమటలు పట్టాయి, లేని గేదెల్ని అదిలించాడు, పడి కొట్టుకున్నాడు. అన్నీ నాకు జరిగినవే. వాడు మాట తప్పి పోలేదు. మాట నిలబెట్టి పోయాడు. తాగి ఉంటే ఇవాళ బతికి ఉండేవాడు.

నువ్వు ధర్మాసనం ఎక్కి అన్న మాట నువ్వే ఎక్కి వెనక్కి తీసుకోవాలి. వాడి కుండ గోడలో పెట్టించు. వచ్చే ఉపోసథం వ్రతం రోజున ఊరంతా ఎలాగూ విహారానికి వస్తుంది. ఇందులో ఆలోచించాల్సింది నాకేం కనిపించడం లేదు.

ఖంఫాయ్


నోంగ్‌పాలై విహారం
ఇరవై రెండో రోజు

అన్నయ్యకు,

ఈసారి నీ అక్షరాలు గీత మీద నిలబడ్డాయి. నేనొక్కణ్ణే చదువుకోగలిగాను. సంతోషం.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. వంటశాల పైరేకు లేచిపోయింది. నాట్లు పూర్తయ్యాయి. నీ కూతురు పెట్టిన పులిసిన చేప బాగుందని చిన్న భిక్షువులు రెండుసార్లు అన్నారు, అనకూడదు గాని అన్నారు. నీ పనిపాకలో ఎలుకలు వెదురు కొరుకుతున్నాయట, పిల్లిని వదిలిందట.

థావోన్ విషయం. నువ్వు వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం. ఉత్తరాల్లో తేలే సంగతి కాదు. పోయినవాళ్ల గురించి మళ్లీ కదిపితే ఉన్నవాళ్లకి నొప్పి. అయినా సీసా దొరికిన మాట నిజమే కదా. డాక్టరుగారు సీసాని చూడలేదు. ఊరు చూసింది.

నీ ఆరోగ్యం చూసుకో. ధ్యానం చెయ్యడానికి మంచి సమయం.

తమ్ముడు


నగరం, తాగుడు మాన్పించే కేంద్రం, రెండో వరస గదులు
ముప్పై అయిదో రోజు

తమ్ముడికి,

ఈసారి ‘భంతే’ రాయలేదు. కావాలనే.

నన్ను నగరంలో ఈ పెద్ద కేంద్రానికి మార్చారు. వర్షావాసం అయ్యేదాకా ఇక్కడే. ఒంట్లోంచి సారా పోయింది, బుర్రలోంచి పోవడానికి ఇంకా టైము పడుతుందట. పొద్దున్నే రేడియో పాటకి చేతులూ కాళ్లూ ఊపిస్తారు. తర్వాత అందరినీ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టి ఎవడి గోడు వాణ్ణి చెప్పుకోమంటారు. నా వంతు వస్తే "ఖంఫాయ్, ఖేన్‌లు చేస్తాను, ఆరోగ్యం బాగుంది" అని కూర్చుంటున్నాను. "తాతగారు రోజూ ఇదే చెప్తున్నారు" అంటుంది మమ్మల్ని మాట్లాడించే అమ్మాయి. రోజూ ఇదే నిజం, నేనేం చెయ్యను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పైరేకు గురించి ఉంది, పిల్లి గురించి ఉంది. నేను అడిగిన దాని గురించి లేదు. చిన్నప్పుడు కూడా ఇంతే, కుండ పగలగొట్టి వచ్చి "అమ్మా, ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది" అనేవాడివి.

ఇంకోటి. నా పక్కమంచం వాడు పదిహేనేళ్లు కాషాయం కట్టి వదిలేసినవాడు. భిక్షువుల నియమాల గ్రంథం వినయం మొత్తం నోటికి వచ్చు, సారాకి తప్ప దేనికీ తడబడడు. నువ్వు రాలేకపోయావని చెప్తే నవ్వాడు. జబ్బుపడ్డ తోబుట్టువు కబురు పెడితే భిక్షువు వర్షావాసంలో కూడా ఏడు రోజులు వెళ్లి రావచ్చట. నియమంలోనే ఉందట. నీకు తెలియదా? నలభై వర్షావాసాలు చేసినవాడివి. నేను చస్తానని డాక్టరు అన్న వారంలో కూడా నువ్వు ఆ మాట నాకు చెప్పలేదు. నా మొహం చూడటానికి నీకు భయం దేనికి?

కబురు పెడుతున్నాను. ఇదే కబురు. రా.

సీసా, సీసా అంటావు. సీసాకి కాళ్లుంటాయి. ఎవడి సీసా ఎవడి ఇంటి కింద ఉంటుందో చూసినవాడు ఎవడు?

ఖంఫాయ్


నోంగ్‌పాలై విహారం
యాభయ్యో రోజు

అన్నయ్యకు,

ఆ నియమం నాకు తెలుసు. రెండుసార్లు సంచి సర్దుకున్నాను. రెండోసారి బండి దాకా వచ్చాను. డ్రైవరు "ఎక్కండి భంతే" అని తలుపు తీశాడు. తలనొప్పిగా ఉందని చెప్పి వెనక్కి వచ్చేశాను. అబద్ధం కూడా తోడైంది.

నీ ఎదురుగా కూర్చుని చెప్పలేనిది కాగితం మీద చెప్తాను. నిరుడు, మూడో రోజు పొద్దున, బువాఫన్ విహారానికి వచ్చింది. నేను మంటపం చూరుకి పట్టిన తేనెతుట్టె వైపు చూస్తూ నిలబడి ఉన్నాను. మెట్ల కింద మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. "భంతే, ఆయన చచ్చిపోతానంటున్నాడు. ఒక్క కప్పు పొయ్యమంటున్నాడు. పోస్తే తప్పా?" నేను అన్నాను: "మాట మూడు నెలలకి ఇచ్చాడు, మూడు రోజులకి కాదు. ఓర్చుకోమను." ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. పోయలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

నీకు నూనెలో మద్యం సంగతి రాశాను చూడు, మందుకి ఒప్పుకోలు ఉందని. ఆ నియమం నాకు నిరుడూ తెలుసు. అప్పుడు గుర్తు రాలేదు. నీ ఉత్తరం అందగానే, నువ్వు నా అన్నవి కాబట్టి, ఒక్క క్షణంలో గుర్తొచ్చింది.

సీసా దొరికిందని విన్నప్పుడు నాకేమనిపించిందో రాస్తాను. బతికాననిపించింది. వాడే మాట తప్పాడు, తప్పు నాది కాదు. అందుకే దహనం రోజు అంత గట్టిగా చెప్పాను.

ఇప్పుడు నువ్వు ఊరికి నిజం చెప్పమంటున్నావు. చెప్తే థావోన్ మాట నిలుస్తుంది. కానీ ఒక్క కప్పు పోసి ఉంటే మొగుడు బతికేవాడని బువాఫన్‌కి కూడా తెలుస్తుంది. ఆమె ఎలా నిద్రపోతుంది? ఇది నాకు తేలడం లేదు. నెల రోజులుగా తేలడం లేదు. నన్ను తిట్టడం నీకు సులువు.

ఒకటి అడుగుతాను. సీసాకి కాళ్లుంటాయని రాశావు. నిన్ను ఎరుగుదును, ఊరికే రాయవు. ఎవరి కాళ్లు?

తమ్ముడు


నగరం, మాన్పించే కేంద్రం
అరవై ఎనిమిదో రోజు

తమ్ముడికి,

పద్దెనిమిది రోజులు నీకు జవాబు రాయలేదు. ఎందుకో నీకు తెలిసే ఉంటుంది.

నావి.

నిరుడు నేను మాట ఇవ్వలేదు కదా. వాడు ఇచ్చాడు. రెండో రోజు వాణ్ణి చూద్దామని వెళ్లాను. మెట్లెక్కితే వాడికి నా నోటి వాసన తగులుతుందని ఇంటి కిందే, గుంజకి ఆనుకుని కూర్చుని తాగాను. పైన వాడు వణుకుతుంటే నేల పలకలు గలగలలాడటం నాకు వినిపించింది. "ఓర్చుకోరా, మగాడివేనా" అని కింద నుంచి అరిచాను కూడా. సీసా అక్కడే మరిచిపోయి వచ్చాను. మర్నాడు ఊరంతా ఆ సీసా చుట్టూ నిలబడి ఉంటే నేనూ నిలబడ్డాను. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇదీ నా మగతనం.

ఈ ఏడు మాట ఎందుకు ఇచ్చానో ఇప్పుడైనా తెలిసిందా? వాడు చెయ్యలేనిది నేను చేసి చూపిద్దామని కాదు. వాడి అప్పు తీర్చినట్టు ఉంటుందని. తీరలేదు. మొన్న ఆ కుర్చీల మధ్య ఇదంతా చెప్పాను. ఒకడు చాయ్ తెచ్చి చేతిలో పెట్టాడు.

బువాఫన్ గురించి నీకు తేలడం లేదన్నావు. నాకు తేలింది. పోయకపోవడం ఆమె తప్పు కాదు. ఆమె నిన్ను అడిగింది, నువ్వు వద్దన్నావు. ఆ మాట నువ్వే నీ నోటితో ఊరి ముందు చెప్తే ఆమె నెత్తిన ఉన్నది నీ నెత్తి మీదకి వస్తుంది. నీకు బరువే. మొయ్యి. నాది నేను మోస్తాను.

వర్షావాసం ముగిసే పున్నమి రోజు మీ భిక్షువులు ఒకరి ముందు ఒకరు కూర్చుని, చూసింది గాని విన్నది గాని అనుమానించింది గాని నా తప్పుంటే చెప్పండి అని అడుగుతారు కదా. మీలో మీరు అడుక్కుంటే ఏం లాభం, మీరంతా ఒకే కుండలో అన్నం తినేవాళ్లు. ఈసారి ఊరిని అడుగు.

ఈ ఉత్తరంలో ‘నావి’ దగ్గర నుంచి ‘మగతనం’ దాకా అందరి ముందు చదువు. తప్పులు సరిచెయ్యకు. అందంగా చదవకు.

ఖంఫాయ్


నోంగ్‌పాలై విహారం
వర్షావాసం ముగిసిన పున్నమి మర్నాడు

అన్నయ్యకు,

చదివాను.

ముందు భిక్షువులందరం మాలో మేము అడుక్కున్నాం. తర్వాత ధర్మాసనం దిగి, ఊరివాళ్లు కూర్చున్న చాపల ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చిన్న భిక్షువులు కంగారుపడ్డారు. ముసలివాళ్లు నాకంటే కిందకి వంగుదామని చూశారు, ఇంక కిందకి వెళ్లడానికి నేల లేదు. నేను అడిగాను. "చూసినది గాని, విన్నది గాని, అనుమానించినది గాని నా తప్పు ఉంటే దయచేసి చెప్పండి." అప్పుడు నా తప్పు నేనే చెప్పాను. బువాఫన్ వచ్చి అడగడం, నేను వద్దనడం, దహనం రోజు నేను అన్న మాట, డాక్టరు నీకు చెప్పిన గుంజా కప్పూ సంగతి. తర్వాత నీ ఉత్తరం తీశాను. నువ్వు చెప్పినంత మేరా తప్పులతో సహా చదివాను.

బువాఫన్ వెనక వరసలో, స్తంభం దగ్గర ఉంది. ఏడాదిగా ఆమె అక్కడే కూర్చుంటుంది, ఆమె తెచ్చిన కూర భిక్షువులకి వడ్డించే పెద్ద పళ్లెంలోకి ఎక్కదు. నాకు అదీ కనిపిస్తూనే ఉంది ఇన్నాళ్లూ. లేచి నిలబడింది.

"అడిగారు కాబట్టి చెప్తాను భంతే. నేను చూసినది ఒకటి ఉంది. ఆ రోజు మీరు తేనెతుట్టె చూస్తూ మాట్లాడారు. ఆడదాని మొహం చూడకూడదన్నది మీ నియమం, తెలుసు. ఆ ఒక్కసారి చూడాల్సింది. చూసి ఉంటే పొయ్యమనేవారు."

నేను చూశాను అన్నయ్యా. ఆమె మొహం చూసి, "నిజమే" అన్నాను.

"ఒక్క కప్పుతో బతికేవాడని నాకు ఆ రోజే తెలుసు" అంది. "ఆయన తాగుడు నలభై ఏళ్లు చూసినదాన్ని, నాకు తెలియదా? నన్నెవరూ కాపాడక్కర్లేదు." నేను ఇన్ని వారాలు ఎవరి నిద్ర గురించి బెంగపడ్డానో ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

నీ సంగతి. ఎవరో వెనక నుంచి "ముసలాడు ఇన్నాళ్లు దాచాడు చూడు" అన్నారు. బువాఫన్ అటు తిరిగి, "నా దగ్గర ఏం దాచాడు?" అంది. "సీసా మెడ మీద నల్లమైనం బొటనవేలి ముద్ర ఉంది. ఈ ఊళ్లో నల్లమైనం వేళ్లు ఎవరివి? ఆ రోజే చూశాను." మరి ఎందుకు చెప్పలేదే అని ఊరిపెద్ద అడిగితే, "నేను చెప్తే నా మొగుడికి సాక్ష్యం ఉంటుంది. ఖంఫాయ్ తనే చెప్తే స్నేహితుడు ఉంటాడు. చెప్తాడేమోనని చూశాను. మొద్దు మనిషి, ఏడాది పట్టింది" అంది.

కుండ గోడలో పెట్టాం. మన అమ్మానాన్నల కుండలకి ఎడమ పక్క గూడు ఖాళీగా ఉంటే అందులో. గూడు మూసే సున్నం ఊరిపెద్దే కలిపాడు. తర్వాత వంటశాల ఆడవాళ్లు బువాఫన్ కూర పెద్ద పళ్లెంలో పోశారు. "ఇవాళ ఉప్పు ఎక్కువైంది, తెలిసి ఉంటే బాగా వండేదాన్ని" అంది.

నీకు ఒక కబురు చెప్పమంది. థావోన్ ఖేన్‌లో రెండు నాలుకలు మూగబోయాయట. వచ్చి బాగుచెయ్యమంది. డబ్బులివ్వనంది.

ఇంకో సంగతి. వర్షావాసం ముగిసిందని నిన్న సాయంత్రం ఊళ్లో సగం మంది తాగారు. మూడు నెలల బాకీ ఒక్క పూటలో తీర్చేశారు. నీ మాట గడువు కూడా నిన్నటితో తీరింది. అక్కడ గేటు తీస్తారు. అడగడానికి భయంగానే ఉంది, అయినా అడుగుతున్నాను. ఏం చేస్తావు?

తమ్ముడు


నగరం, మాన్పించే కేంద్రం
పున్నమి అయిన ఆరో రోజు

కప్పకి,

చిన్నప్పటి పేరు పెట్టి పిలిచానని కోపం తెచ్చుకోకు. నేల మీద కూర్చున్నావని రాశావు కదా, అందుకు.

పున్నమి రోజు ఇక్కడ కూడా గొడవే. నా పక్కమంచం వాడు, ఆ వినయం నోటికి వచ్చినవాడు, గేటు దాటి మూల కొట్టు దగ్గర దొరికాడు. మళ్లీ తెచ్చి మొదటి వరస గదుల్లో పడుకోబెట్టారు. చేతులు చాపమంటున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. తిట్టలేదు. ఓర్చుకోరా అని కూడా అనలేదు. నర్సు ఇచ్చిన మాత్ర వాడు మింగేదాకా చూశాను, నాలుక కింద కూడా చూశాను. ఆ విద్య నాకు తెలుసు.

నాకు తాగాలని ఉందా అంటే ఉంది. పొద్దున లేవగానే ఉంటుంది, గంజి తాగాక తగ్గుతుంది. ఎప్పటికీ ముట్టనని ఇక్కడి నుంచి నీకు రాయను. ఎప్పటికీ అనేది నేను చూడని ఊరు. ఇంకో మూడు నెలలకి ఇస్తాను మాట. వానలు లేకపోతేనేం, మాటకి వాన ఎందుకు?

ఇక్కడి వడ్రంగి గదిలో రాగిరేకు ముక్క అడిగి తీసుకుని రెండు నాలుకలు అరగదీశాను. ఒకటి విరిగింది. రెండోది పలుకుతోంది, కాస్త బొంగురుగా. థావోన్ గొంతూ అంతే కదా. బువాఫన్‌కి చెప్పు, డబ్బులిస్తే తీసుకోనని.

ఎల్లుండి బండిలో వస్తున్నాను. విహారం మెట్ల మీద ఉండు. నాకే కాదు, ఇక మీదట ఎవడు పూలూ వత్తులూ పట్టుకుని వచ్చినా ఇదే పద్ధతి పెట్టు. ముందు చేతులు చాపమను. వణికితే పూలు పక్కన పెట్టి బండెక్కించు, ఆసుపత్రికి పంపు, మాట తర్వాత తీసుకోవచ్చు.

నేను కూడా చాపుతాను. తేనెతుట్టె చూడకు. చేతులు చూడు, తర్వాత మొహం చూడు. ఆ తర్వాతే నా పూలు తీసుకో.

ఖంఫాయ్